విప్పి బిగించిన ఏటీవీని మరొకరు చూడకుండా నడపవద్దు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు శివార్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు యువకుల్లో కొందరు పాత స్పోర్ట్ ఏటీవీలను, అంటే వాడుకలో క్వాడ్ బైకులని పిలుచుకునే నాలుగు చక్రాల బళ్లను, కొని తెచ్చి, ఇంటి వెనుక షెడ్డులోనో అపార్ట్‌మెంటు కింది పార్కింగులోనో విప్పి, బాగుచేసి, తమకు నచ్చినట్టు మార్చుకుంటున్నారు. ఈ అభిరుచి మీద వచ్చే రాతలు ఎక్కువగా రెండు తీరులుగా ఉంటున్నాయి. రంగులూ ఎల్‌ఈడీ దీపాలూ చూసి మురిసిపోయేవి కొన్ని, ప్రమాదం జరిగిన మర్నాడు కుర్రాళ్లను తిట్టిపోసేవి కొన్ని. బండి లోపల ఏం జరిగింది, ఎవరు ఏది బిగించారు, బిగించినదాన్ని మరెవరైనా చూశారా అన్న సంగతులు ఈ రెండింటిలోనూ కనబడవు. పీణ్య పారిశ్రామికవాడలోని ఒక టూల్‌రూమ్‌లో, అంటే అచ్చులూ పనిముట్లూ కొలత ప్రకారం తయారుచేసే చోట, చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని కాబట్టి, ఈ విషయంలో నాకున్న ఒక్క అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందుంచుతున్నాను. ఇంట్లో విప్పి బిగించిన ఏటీవీని, ఆ పని చేసిన వ్యక్తి కాకుండా పని తెలిసిన మరొకరు కొలిచి, కదిపి చూసి, సరేనన్న తరువాతే నడపాలి. అలాంటి తనిఖీకి ఈ నగరంలో ఒక ఏర్పాటు ఉండాలి.

ఈ బళ్ల పుట్టుక తెలిసినవారెవరూ వీటిని ఆటబొమ్మలనుకోరు. హోండా సంస్థ 1970లో అమెరికాలో మూడు చక్రాల ఏటీవీని అమ్మకానికి పెట్టింది. 1980ల మొదట్లో సుజుకి నాలుగు చక్రాల బండిని తెచ్చింది. ఆ తరువాత 1985లో సుజుకి ఎల్‌టీ250ఆర్, 1986లో హోండా టీఆర్‌ఎక్స్250ఆర్, 1987లో యమహా బాన్షీ వరుసగా వచ్చి, పొలం పనులకు వాడే బండిని పందెం బండిగా మార్చేశాయి. బాన్షీలో ఉన్నది 347 సీసీ, రెండు సిలిండర్ల, నీటితో చల్లబడే టూస్ట్రోక్ ఇంజను. యమహా రోడ్డు బైకు ఆర్‌జెడ్350 ఇంజను వంశానికి చెందిన ఈ ఇంజనుతో ఆ బండి అమెరికాలో 2006 దాకా అమ్ముడయింది. ఫోర్‌స్ట్రోక్ బళ్లలో 1999 నాటి హోండా 400ఈఎక్స్‌కూ, 2001 నాటి యమహా రాప్టర్ 660కూ ఇప్పటికీ అభిమానులున్నారు. మూడు చక్రాల బళ్ల మీద ప్రమాదాలు విపరీతంగా పెరగడంతో, 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థకూ తయారీదారులకూ కోర్టు సమక్షంలో ఒప్పందం కుదిరి, కొత్త మూడు చక్రాల ఏటీవీల అమ్మకం అక్కడ ఆగిపోయింది. 90 సీసీ దాటిన బండి పదహారేళ్లలోపు పిల్లలకు తగదన్న హెచ్చరిక కూడా ఆ ఒప్పందంలో భాగమే. మన దగ్గర రిసార్టుల్లో పదేళ్ల పిల్లవాణ్ని 250 సీసీ బండి మీద కూర్చోబెట్టి ఫొటో తీసే తల్లిదండ్రులు ఈ ఒక్క మాటనైనా గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

మన దేశంలో అసలైన జపాను స్పోర్ట్ ఏటీవీలు అరుదు. వాడిన వాహనాన్ని దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటి ఉండకూడదని, ముంబయి రేవు గుండానే రావాలని మన దిగుమతి విధానం చెబుతోంది. అంటే ఇరవై ఏళ్ల నాటి బాన్షీని ఇప్పుడు అమెరికా నుంచి సక్రమంగా తెప్పించుకునే దారి లేదు. కాబట్టి ఇక్కడ కుర్రాళ్ల చేతికి వచ్చేవి ఎక్కువగా కనకపుర రోడ్డు వైపో నంది కొండల వైపో రిసార్టులూ సాహస క్రీడల మైదానాలూ వాడి వదిలేసిన బళ్లు, చైనా నుంచి వచ్చిన 110 నుంచి 250 సీసీ దాకా ఉండే బళ్లు, ఎప్పుడో కొత్తగా దిగుమతి అయి చేతులు మారుతూ వచ్చిన కొద్దిపాటి పెద్ద కంపెనీల బళ్లు. రిసార్టు వదిలేసిన బండి అంటే, గంటకింత అని అద్దె కట్టినవాళ్లందరూ తమ ముచ్చట తీర్చుకున్న బండి అని అర్థం. దాని ఇంజను కన్నా ముందు దాని ఎముకలను అనుమానించాలి. దురదృష్టవశాత్తూ కొన్నవాడి చూపు ముందుగా పోయేది పగిలిన ప్లాస్టిక్ మీదికి, వెలిసిపోయిన సీటు మీదికి.

ఈ పనిలో బెంగళూరువాసులకు ఉన్న అనుకూలత మరెక్కడా అంత సులువుగా దొరకదు. జె.సి. రోడ్డులో, కలాసిపాళ్యంలో, ఎస్.పి. రోడ్డులో బేరింగును దాని మీద చెక్కిన అంకెతోనే అడిగి తెచ్చుకోవచ్చు. 6205 అంటే లోపలి వ్యాసం 25, వెలుపలి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. బండి ఏ దేశానిదైనా ఆ అంకె మారదు. ఆయిల్ సీలు కూడా అంతే, మూడు కొలతలు రాసుకుని వెళితే చాలు. అయితే ఆ అంకె వెనుక సీ3 అని ఉన్నదా లేదా అన్నది కూడా చూసి రాసుకోవాలి. వేడెక్కినప్పుడు లోహం వ్యాకోచించినా గుండ్లు పట్టేయకుండా లోపల కాస్త ఎక్కువ సందు ఉంచిన రకం అది. పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్‌కు సీ3 రకం వేయవలసిన చోట మామూలుది వేస్తే కొద్ది రోజులకే బేరింగు మూలగడం మొదలవుతుంది. పీణ్యలో కంటికి కనబడని పగుళ్లను రంగు ద్రవంతో బయటపెట్టే డై పెనిట్రెంట్ పరీక్ష చేసేవారున్నారు, పౌడర్ కోటింగ్ చేసేవారున్నారు, మైక్రాన్ లెక్కన గ్రైండింగ్ చేసే టర్నర్లూ ఫిట్టర్లూ ఉన్నారు. వీరిలో చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారు తక్కువేమీ కాదు. మద్రాసులో పుదుప్పేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు పాత సామాన్లకు ఎంత పేరుపొందినా, కొలత ప్రకారం కొత్త భాగాన్ని చేయించుకోవడానికి నేను బెంగళూరుకే ఓటు వేస్తాను. చెన్నై పాఠకులు నన్ను క్షమించాలి.

ఇంతటి నైపుణ్యం చేతికందే దూరంలో ఉండి కూడా పని ఎక్కడ చెడుతున్నదంటే, చేసినవాడే పరీక్షకుడు కావడం దగ్గర. ఇంజను సంగతే తీసుకుందాం. మా అక్క కొడుకు అమెరికాలో అరిజోనాలో ఉంటాడు. అక్కడ ఒక పాత బాన్షీని కొని సెలవు రోజుల్లో తిరిగి కడుతున్నాడు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసి, గ్యాస్కెట్లన్నీ మార్చి, ఇక కిక్ కొట్టడమే తరువాయి అనుకున్న సమయంలో అతని స్నేహితుడొకడు గాలి పరీక్ష చేయకుండా స్టార్ట్ చేయవద్దని పట్టుబట్టాడట. టూస్ట్రోక్ ఇంజనులో పెట్రోలూ గాలీ ముందు క్రాంక్ తిరిగే గదిలోకి, అంటే క్రాంక్‌కేసులోకి వచ్చి అక్కడి నుంచి సిలిండరులోకి పోతాయి కాబట్టి క్రాంక్‌కేసులో గాలి చొరబడే సందు ఉండకూడదు. అందుకని కార్బొరేటర్ వచ్చే నోటినీ సైలెన్సర్ వచ్చే నోటినీ రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో 6 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి నింపి, 6 నిమిషాల పాటు గేజిలోని ముల్లును చూస్తారు. నిమిషానికి 1 పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే. ఆ రోజు ముల్లు చూస్తుండగానే దిగిపోయిందట. సబ్బునీళ్లు చల్లి వెదికితే కరెంటు పుట్టించే మాగ్నెట్ వెనుక ఉన్న క్రాంక్ సీలు అంచు నుంచి బుడగలు లేచాయి. సీలు కొత్తదే. బిగించేటప్పుడు దాని పెదవి ఒకచోట మడతపడింది.

ఆ సీలుతోనే ఇంజను స్టార్ట్ చేసి ఉంటే ఏమయ్యేదో టూస్ట్రోక్ తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ సందు నుంచి అదనంగా గాలి లోపలికి పోతుంది, పెట్రోలు వంతు తగ్గుతుంది, పెట్రోలులో కలిపిన నూనె వంతూ దాంతోపాటే తగ్గుతుంది, పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే అది గేరుబాక్సు నూనెను లోపలికి లాగి తెల్లగా పొగ కక్కుతుంది కాబట్టి మనిషికి తెలిసిపోతుంది. మాగ్నెట్ వైపు సీలుకు అలా పొగ కక్కే గుణం లేదు. చేసినవాడి కంటికి తన చేతి పని ఎప్పుడూ బాగానే కనబడుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. ఆ స్నేహితుడికి బాన్షీ గురించి మా వాడి కన్నా ఎక్కువేమీ తెలియదు. అతనికి ఆ సీలు మీద మమకారం లేదు, అంతే.

ఇక కొలతల విషయం. సిలిండరు అరిగిందో లేదో వేలితో తడిమి చెప్పే మేస్త్రీలు మన దగ్గర ఇంకా ఉన్నారు. వారి అనుభవానికి నమస్కరిస్తూనే, బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగానూ నిలువుగానూ కొలిచి కాగితం మీద రాయమని అడగాలి. రీబోర్ చేయించాలంటే, అంటే అరిగిన సిలిండరును కాస్త పెద్దదిగా తొలిపించాలంటే, ముందు పిస్టన్ చేతిలో ఉండాలి. ఓవర్‌సైజు పిస్టన్లు సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ దొరుకుతాయి, ఆ పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి దానికి తగిన సందు ఉంచి బోరు చేయాలి. బోరు చేసి హోనింగ్ అయ్యాక కొత్త రింగును సిలిండరులో పెట్టి, పిస్టన్ తలతో కొంచెం కిందికి తోసి సమంగా కూర్చోబెట్టి, రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడాలి. సందు మరీ తక్కువైతే వేడికి కొసలు ఒకదానినొకటి తన్నుకుని రింగు విరుగుతుంది. టూస్ట్రోక్ పిస్టన్‌లో రింగు తిరిగిపోకుండా ఉంచే చిన్న పిన్ను ఉంటుంది. రింగు కొసలు ఆ పిన్ను దగ్గరికే రావాలి, లేకపోతే సిలిండరు గోడలో పోర్టు అనే రంధ్రంలో చిక్కుకుని విరిగి, విరిగిన ముక్క సిలిండరంతా గీరేస్తుంది.

ఇక్కడే ఒక బెంగళూరు ప్రత్యేకమైన ప్రలోభం గురించి చెప్పాలి. ఈ నగరంలో రాజ్‌దూత్ 350 అంటే ప్రాణం పెట్టేవారు ఎంతోమంది ఉన్నారు. 1980ల్లో ఎస్కార్ట్స్ సంస్థ యమహా ఆర్‌డీ350 ఆధారంగా తయారుచేసిన ఆ బైకు బోరు, అంటే సిలిండరు వ్యాసం 64, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం 54 మిల్లీమీటర్లు. బాన్షీవి కూడా సరిగ్గా అవే కొలతలు. దాంతో ఒకదాని పిస్టన్ మరోదానికి వేసేయవచ్చన్న మాట షెడ్లలో చెలామణి అవుతున్నది. ఆర్‌డీ సిలిండరు గాలితో చల్లబడేది, బాన్షీది నీటితో చల్లబడేది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉంచవలసిన సందూ వేరు, పోర్టుల అమరికా వేరు. బోరు కలిసింది కదా అని పిస్టన్ దించేసేవాణ్ని ఆపడానికి పక్కన రెండో మనిషి ఉండాలి.

కార్బొరేటర్ దగ్గర మన ఊరి ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చెన్నైతో పోలిస్తే ఇక్కడి గాలి దాదాపు పదో వంతు పలుచన. ఇక్కడ మెయిన్ జెట్, అంటే పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రం, సరిగ్గా కుదిరిన బండిని ట్రక్కులో వేసుకుని ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపు ఏ స్నేహితుడి తోటకో తీసుకుపోతే, అక్కడి చిక్కని గాలికి ఆ జెట్ ఇచ్చే పెట్రోలు చాలదు. బండి హుషారుగా పరుగెత్తుతున్నట్టే అనిపిస్తుంది, ఆ హుషారులోనే పిస్టన్ పట్టేస్తుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం ఇంకాస్త పలుచబడుతుంది. పైగా పాత బండి రబ్బరు గొట్టాలూ ఓరింగులూ ఆ ఇంధనానికి తగినవి కావు, ఉబ్బుతాయి, బిరుసెక్కుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. నెలల తరబడి కదలకుండా ఉండే బండిలో అడుగున నీరు చేరి, నూనె కలిపిన పెట్రోలు విడిపోతుంది. కాబట్టి నూనె కలిపిన పెట్రోలును నిల్వ ఉంచకుండా, బండిని పక్కన పెట్టే ముందు టాంకుతోపాటు కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబరును కూడా ఖాళీ చేయాలి. బైపాస్ పైపూ, కొత్త ఎయిర్ ఫిల్టరూ వేసి జెట్ మార్చకుండా వదిలేసేవారు తాము చేసిన ఆ మార్పునూ, ఊరి ఎత్తునూ, ఇథనాల్‌నూ కలిపి చూసుకుంటే మంచిది.

ఇంజను చెడితే డబ్బు పోతుంది. చాసిస్ చెడితే మనిషి పోతాడు. అందుచేత ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తున్నాను. స్పోర్ట్ ఏటీవీలను మార్చేవారు అందరికన్నా ముందుగా ఆశపడేది ముందు భాగాన్ని వెడల్పు చేయడానికి. ముందు చక్రాలను ఫ్రేముకు కలిపే అసలు ఏ-ఆర్మ్‌లు తీసేసి, ఒక్కో వైపు రెండు అంగుళాలు పొడవైనవి చేయించి వేస్తారు. బండి నేలకు అతుక్కున్నట్టు నిలబడుతుంది, చూడడానికీ గంభీరంగా ఉంటుంది. ఆ మార్పులో తప్పులేదు, పందేల బళ్లు చాలావరకు అలాగే ఉంటాయి. ఏ-ఆర్మ్ పొడవు పెరిగితే దానితోపాటు స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ అయిన టైరాడ్ పొడవు పెరగాలి, బ్రేకు గొట్టం పొడవు పెరగాలి, షాక్ అబ్జార్బరు స్ప్రింగు మారాలి. మా రామమూర్తినగర్‌లో మదనపల్లె వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు ఇలాంటి బండి ఒకటి తయారుచేసుకుని, ‘ఒకసారి చూడండి బాబాయ్’ అని నన్ను పిలిచారు. పని ముచ్చటగా చేశారు. ఫ్రేముకు నల్ల పౌడర్ కోటింగ్, వెల్డింగు గీతలు తిన్నగా ఉన్నాయి. ముందు భాగాన్ని స్టూలు మీదికి ఎత్తించి, చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపితే కట కటమని చప్పుడు వచ్చింది. టైరాడ్ కొస లాక్‌నట్టు వదులు చేసి తిప్పి చూస్తే, నాలుగైదు చుట్లకే ఊడి చేతిలోకి వచ్చేసింది. పొడవు చాలక పాత టైరాడ్‌నే రెండు వైపులా బయటికి తిప్పి సరిపెట్టారు. మర్రలు, అంటే నట్టు ఎక్కే చుట్లు, కొసన మాత్రమే పట్టి ఉన్నాయి. టైరాడ్ కొసలో మర్ర కనీసం దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవు లోపల ఉండాలని ఐటీఐలో మొదటి ఏడాదే నేర్పుతారు. ఆ అన్నదమ్ములు పెద్ద చదువులు చదివిన తెలివైనవారే. ముందు చక్రాలు రెండూ తిన్నగా ఉన్నాయా అని టేపు పెట్టి కొలిచారు, తిన్నగానే ఉన్నాయి. ఆ తిన్నదనం ఎన్ని మర్రల మీద ఆధారపడి ఉన్నదో విప్పి చూడాలన్న ఆలోచన బయటి మనిషికే వచ్చింది.

అలాగే ఫ్రేము. ఏ-ఆర్మ్‌లు తగిలే చెవుల దగ్గర, కాళ్లు పెట్టే పెగ్గుల దగ్గర, వెనుక సబ్‌ఫ్రేము అతికిన చోట పగుళ్లు వస్తాయి. రంగు వేశాక అవి కనబడవు. కాబట్టి ఫ్రేమును ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి, డై పెనిట్రెంట్ పరీక్ష చేయించి, పగులుంటే చివరిదాకా చెక్కి వెల్డింగు చేసి, ఆ తరువాతే కోటింగుకు పంపాలి. ఈ వరుస తప్పితే పగులు మీద అందంగా రంగు పూసుకున్నట్టే. వెనుక ఇరుసు బేరింగు క్యారియర్‌లో ఆటను, అంటే వదులును, స్వింగ్‌ఆర్మ్ బుష్‌లను, హబ్‌ల లోపలి గాడుల అరుగుదలను చేత్తో కదిపి చూడాలి. ఇరుసు వంగిందేమో డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడాలి. బ్రేకు కాలిపర్లలో సీళ్లు మార్చి, పాత రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోయాయేమో చూసి, డాట్ 4 రకం బ్రేకు ద్రవంతో గాలి లేకుండా బ్లీడ్ చేయాలి. నడిపేవాడి మణికట్టుకు తాడుతో కట్టుకునే, మనిషి పడితే ఇంజనును ఆపేసే కిల్ స్విచ్ తప్పక ఉండాలి. మనిషి పడిపోయాక బండి ఒంటరిగా పరుగెత్తడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు.

వీటిని రోడ్డెక్కించకూడదని చెప్పడానికి చట్టం కన్నా ముందు యంత్రమే ఒక కారణం చూపిస్తుంది. స్పోర్ట్ ఏటీవీ వెనుక ఇరుసు ఒకే కడ్డీ, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో లోపలి చక్రమూ బయటి చక్రమూ ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టి మీదనైతే ఒక చక్రం జారుతుంది, నడిపేవాడు ఒళ్లు వంచి ఆ జారుడును వాడుకుంటాడు. తారు రోడ్డు మీద ఆ జారుడు ఉండదు. తక్కువ గాలితో నడిచే ఆ మెత్తని టైర్లు తారును పట్టుకుని బండిని తిన్నగా తోస్తాయి, లేదా బోల్తా కొట్టిస్తాయి. చట్టమూ స్పష్టంగానే ఉన్నది. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని నడపరాదు. ఏటీవీలో పెట్టడానికి రోడ్డు బైకు ఇంజనును వాడుకునేవారు, ఆ బైకు ఇక పనికిరాదని 55వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి. చాలామంది ఈ పని చేయరు. తరువాత ఎప్పుడో ఆ ఇంజను నంబరు ఏ దొంగతనం కేసులోనో బయటపడినప్పుడు స్టేషను చుట్టూ తిరుగుతారు.

ఇప్పుడు నేను అడుగుతున్న ఏర్పాటు గురించి చెబుతాను. మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలకు తామే బగ్గీ లాంటి ఏటీవీని తయారుచేసి తీసుకుపోతారు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో ఎన్నో ఏళ్లు జరిగిన ఆ పోటీలో, బండి ఎంత వేగంగా పోతుందన్నది చూడడానికి ముందు సాంకేతిక తనిఖీ ఉంటుంది. తనిఖీదారులు జాబితా చేతబట్టుకుని ఫ్రేము గొట్టం మందం నుంచి కిల్ స్విచ్ దాకా ఒక్కొక్కటీ చూస్తారు. ఆపైన బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుపోవాలి. ఆ పరీక్షలు గట్టెక్కని బండి మైదానంలోకి దిగదు. మన తెలుగు పిల్లలెందరో ఈ తనిఖీలో తిట్లు తిని, రాత్రికి రాత్రి సరిచేసుకుని, మర్నాడు మళ్లీ నిలబడి వచ్చినవారే. అదే పిల్లలు ఉద్యోగాల్లో చేరి, సొంత డబ్బుతో క్వాడ్ కొనుక్కుని, అపార్ట్‌మెంటు పార్కింగులో దాన్ని తిరిగి కట్టేటప్పుడు మాత్రం ఆ తనిఖీ జాబితాను హాస్టల్లోనే మరిచిపోయి వస్తున్నారు.

బాహా జట్లున్న కళాశాలలకు బెంగళూరులో కొదవలేదు. వారి వర్క్‌షాపుల్లో లిఫ్టులు, డయల్ గేజులు, టార్క్ రెంచ్‌లు ఉన్నాయి, అలాంటి తనిఖీ చేసి అలవాటున్న అధ్యాపకులు ఉన్నారు. నెలకు ఒక ఆదివారం అక్కడ ఇంట్లో తిరిగి కట్టిన ఏటీవీలను పరీక్షించి, రాతపూర్వకంగా ఒక పత్రం ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. దానికి నామమాత్రపు రుసుము పెడితే ఎవరూ కాదనరు. తనిఖీ చేసేవారికీ కొరత ఉండదు. 1953లో మొదలైన హెచ్‌ఎంటీ కర్మాగారంలోనూ, ఈ నగరంలోని ఇతర ప్రభుత్వరంగ సంస్థల్లోనూ జీవితమంతా కొలతల మధ్య గడిపి పదవీ విరమణ చేసిన ఫిట్టర్లు, ఇన్‌స్పెక్టర్లు ఇంకా ఓపికగా ఉన్నారు. మధ్యాహ్నం పూట పార్కులో కూర్చుని కుమారుల ఉద్యోగాల గురించి మాట్లాడుకునే ఆ పెద్దమనుషుల చేతికి ఒక మైక్రోమీటరు ఇచ్చి చూడండి, మొహాలు ఎలా వెలిగిపోతాయో. పత్రం ఇచ్చినంత మాత్రాన బండి రోడ్డెక్కవచ్చని ఎవరూ అనుకోకుండా, ఆ మాట పత్రం మీదే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. పత్రం లేని బండిని తమ తోటలోనో మైదానంలోనో నడపనివ్వబోమని స్థలం యజమానులు నిబంధన పెట్టుకుంటే, తనిఖీకి బళ్లు వాటంతటవే వస్తాయి.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. ఇంట్లో చేసుకునే పనికి కూడా అనుమతి పత్రాలా, ఉన్న ఆఫీసులు చాలవా అని అడిగేవారుంటారు. వారి చిరాకు న్యాయమైనదే. అందుకే దీన్ని ప్రభుత్వ శాఖకు అప్పగించమని నేను అడగడం లేదు. ఇది పని తెలిసినవాడు పని నేర్చుకుంటున్నవాడి పనిని చూసే ఏర్పాటుగానే ఉండాలి. తప్పు దొరికితే జరిమానా ఉండదు, సరిచేసుకుని వచ్చే నెల మళ్లీ రావడమే. మా టూల్‌రూమ్‌లో ఏ డై అయినా చేసినవాడి సంతకంతో పాటు వేరొకరి సంతకం లేకుండా గేటు దాటేది కాదు. ఆ రెండో సంతకాన్ని ఎవరూ అవమానంగా అనుకోలేదు.

మీ పత్రిక బెంగళూరు అనుబంధంలో ఈ విషయాన్ని ప్రస్తావించి, ఏదైనా ఒక కళాశాల ముందుకు వస్తే ఆ సమాచారాన్ని ప్రచురించాలని కోరుతున్నాను. తనిఖీ జాబితాను తెలుగులో తయారుచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. టైరాడ్ మర్రలు, బ్రేకులు, ఫ్రేము పగుళ్లు, ఇరుసు ఆట, కిల్ స్విచ్ మొదటి పేజీలో ఉంటాయి. ఇంజనుకు రెండో పేజీ. రంగులకూ స్టిక్కర్లకూ ఆ జాబితాలో గడి ఉండదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత టూల్‌రూమ్ ఉద్యోగి,
రామమూర్తినగర్, బెంగళూరు.